ఆఫ్రికా సంప్రదాయ మతాల్లో పరమదైవం పేర్లు: ‘సృష్టికర్త’ అని రాసేస్తే సరిపోతుందా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. ఆఫ్రికా సంప్రదాయ మతాలపై ఒక వ్యాసాన్ని మీరు తెలుగులోకి తెస్తున్నారు. అందులో జాతి, దైవం పేరు, అర్థం అనే మూడు గడులతో ఒక పట్టిక ఉంది. న్యామె, ఒలొడుమారె, చుక్వు, చినెకె, ఉన్కులున్కులు, ఎన్కాయ్, రుబాంగా వంటి పేర్లన్నిటికీ ఎదురుగా ఇంచుమించు ‘సృష్టికర్త’ అనో ‘సర్వశక్తిమంతుడు’ అనో ఉంది. ఇవన్నీ ఒకే దేవుడికి వేర్వేరు పేర్లా, అన్నిచోట్లా ‘పరమేశ్వరుడు’ అని రాసేయవచ్చా అని మీరు అడిగారు.

సూటిగా చెప్పాలంటే, అవి ఒకే దేవుడి పేర్లు కావు. ‘పరమేశ్వరుడు’ అని రాయకూడదు. అవి వేర్వేరు భాషలలో, ఒకదానితో ఒకటి సంబంధం లేని చరిత్రల్లో పుట్టిన మాటలు. వాటిలో ఒకదానికి ఆకాశమని అర్థం, ఒకదానికి ఆకాశానికి యజమాని అని అర్థం, ఒకటి మొట్టమొదటి పూర్వీకుడిని సూచించిన మాట, ఒకటైతే ఒక రోగాన్ని కలిగించే దుష్టశక్తి పేరు. చాలా జాతులలో అన్నిటికీ పైన ఒకరున్నారనే భావన ఉన్న మాట నిజమే. కానీ పట్టికలోని మూడో గడిలో మీరు చూస్తున్న అర్థాలలో సగం, పందొమ్మిదో శతాబ్దంలో బైబిలు అనువాదం కోసం మాటలు వెతికిన మిషనరీల నిఘంటువుల నుంచి వచ్చినవి. పేరును ఉన్నదున్నట్టు తెలుగు లిపిలో ఉంచి, దాని సొంత భాషలో ఆ మాట ఏమి చెబుతుందో ఒక్కసారి వివరించడమే సరైన పద్ధతి.

నేను మతశాస్త్ర పండితుడిని కాను. ఘానాలోని కుమాసిలోనూ, ఆ తరువాత నైజీరియాలోని ఎనుగులోనూ కలిపి పంతొమ్మిదేళ్లు ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పాను. ఈ పేర్లు నాకు మొదట పుస్తకాలలో కాదు, రోజూ ఉదయం పిలిచే హాజరు పట్టీలో ఎదురయ్యాయి. ఉద్యోగ విరమణ తరువాత ఈ విషయాన్ని పట్టుకుని చదువుతున్నాను. కాబట్టి నాకు దగ్గరగా తెలిసిన రెండు జాతుల గురించి ఎక్కువగానూ, మిగిలినవాటి గురించి తక్కువగానూ చెబుతాను.

కుమాసి అషాంతీల పట్టణం. అషాంతీలు అకాన్ జాతిలో ఒక శాఖ, వారి భాష ట్వి. అక్కడ బిడ్డ పుట్టిన వారాన్ని బట్టి ఒక పేరు తప్పనిసరిగా వస్తుంది. శుక్రవారం పుట్టిన మగపిల్లవాడు కోఫీ, శనివారం పుట్టినవాడు క్వామె. కోఫీ అన్నన్, క్వామె ఎన్‌క్రుమా అనే పేర్లు మీరు వినే ఉంటారు. నేను చేరిన మొదటి వారంలోనే, మా తరగతిలో క్వామెలు ఆరుగురు ఎందుకున్నారో ఒక సహోద్యోగి వివరిస్తూ, ‘దేవుడు కూడా క్వామెయే’ అన్నాడు. హాస్యమాడుతున్నాడని అనుకున్నాను. కొన్ని నెలల తరువాత అతని ఇంటి శంకుస్థాపనకు వెళ్లినప్పుడు అది హాస్యం కాదని తెలిసింది. అతని మేనమామ చెప్పులు విడిచి, భుజం మీది వస్త్రాన్ని నడుము దాకా దించుకుని, జిన్ను సీసాను ఆకాశం వైపు ఎత్తి పట్టుకున్నాడు. ‘ట్వెరెడుయాంపాన్ క్వామె, నీకు మద్యం చూపిస్తున్నాం, ఇవ్వడం లేదు’ అని, ఆ తరువాత ‘అసాసె యా, ఇదిగో, తీసుకుని తాగు’ అంటూ నేల మీద పోశాడు. అసాసె యా అంటే భూమి, గురువారపు ఆడపడుచు. అషాంతీ రైతులు ఆనవాయితీగా గురువారం నేలను తవ్వరు. పైవాడికి చూపించి ఊరుకోవడమేమిటని అడిగితే, ‘ఆయనకు ఏమి తక్కువైందని ఇవ్వాలి?’ అని నా మిత్రుడు ఎదురు ప్రశ్న వేశాడు.

ఆ మేనమామ పైవాడితో పలికిన ఒక్క వాక్యంలో మీ పట్టికకు దొరకని సంగతులు రెండున్నాయి. ఒకటి, పరమదైవానికి ఒకే పేరు ఉండదు. న్యామె లేదా ఒన్యామె అనే మాటకు దైవమనీ ఆకాశమనీ రెండర్థాలూ ఉన్నాయి. ‘పిల్లవాడికి న్యామెను ఎవరూ చూపించరు’ అని అకాన్ సామెత. వెల్లకిలా పడుకున్న పసిబిడ్డకు ఆకాశాన్ని వేలు పెట్టి చూపించనక్కరలేదు కదా. ఒన్యాన్‌కొపాన్ అనే పేరును ‘ఒక్కడే అయిన గొప్ప న్యామె’ అని విడదీస్తారు. ట్వెరెడుయాంపాన్ అంటే ఆనుకున్నా కూలని చెట్టు. నాకు వీటన్నిటిలో ఇష్టమైన పేరు ఇదే. ఒడొమాన్‌కొమా అనేది సృష్టి చేసిన రూపానికి పేరు. పట్టికలో ‘సృష్టికర్త’ అని రాయదగిన అకాన్ పేరు ఏదైనా ఉంటే అది ఇదే. కానీ దాని వెంటే, ‘ఒడొమాన్‌కొమా మృత్యువును సృష్టించాడు, ఆ మృత్యువే అతడిని చంపింది’ అనే సామెత కూడా ఉంది. ‘సర్వశక్తిమంతుడు’ అని పక్కన రాసుకుని ఈ సామెతను చదివితే ఎంత ఇబ్బందిగా ఉంటుందో చూడండి. న్యామె అనే మాటను ‘పొందితే కడుపు నిండేది’ అని విడదీసే వివరణ కూడా మీకు తరచుగా కనిపిస్తుంది. అది వినసొంపైన లోకోక్తి మాత్రమే. దానిని భాషాశాస్త్రం తేల్చిన వ్యుత్పత్తిగా రాయకండి.

రెండోది, ఆ దైవం దూరంగా ఉన్నాడంటే జనం మరచిపోయారని కాదు. పాశ్చాత్య పుస్తకాలు చాలాకాలం పాటు, ఆఫ్రికా దైవం లోకాన్ని చేసి తప్పుకున్నాడనీ, గుడి లేదు, పూజారి లేడు, కాబట్టి పూజ కూడా లేదనీ రాశాయి. అందుకు ఆధారంగా వారు ఎత్తి చూపే అకాన్ కథ మన పల్లెల్లో చెప్పినా అతికినట్టు ఉంటుంది. ఒకప్పుడు ఆకాశం చేతికందేంత కిందికి ఉండేది. ఒక ముసలమ్మ రోజూ పెండలం దంచి ఫుఫు అనే ముద్ద చేసుకునేది. ఆమె రోకలి ఎత్తినప్పుడల్లా న్యామెకు తగిలేది. విసిగిపోయి ఆయన పైకి వెళ్లిపోయాడు. ముసలమ్మ పిల్లలను పిలిచి, ఊళ్లో ఉన్న రోళ్లన్నీ తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చమంది. పేర్చుకుంటూ పోతే ఇంకొక్క రోలు ఉంటే అందేటంత ఎత్తుకు చేరారు. ఊళ్లో మరో రోలు లేదు. ‘అయితే అడుగున ఉన్నదాన్ని లాగి పైన పెట్టండి’ అంది ముసలమ్మ. అంతా కూలిపోయింది. కథ దూరాన్ని చెబుతున్న మాట నిజమే. కానీ 1920లలో అషాంతీ దేశంలో పనిచేసిన రాట్రే అనే బ్రిటిషు అధికారి, ఇళ్ల ముంగిట మూడు కొమ్మలుగా చీలిన ఒక కర్రను పాతి, ఆ చీలిక మధ్య కుండను నిలిపి, అందులో వాన నీటిని పట్టే ఆచారాన్ని నమోదు చేశాడు. దానిని న్యామె దువా, అంటే న్యామె చెట్టు, అంటారు. గుడి లేకపోయినా వాకిట్లో కర్ర ఉంది. ఇప్పుడు ఆ కర్ర అరుదు. దాని స్థానంలో ‘గ్యె న్యామె’ అనే అడింక్రా (అకాన్‌ల సంప్రదాయ చిహ్నం) గుర్తు కుమాసిలో ప్లాస్టిక్ కుర్చీల వీపుల మీద కూడా కనిపిస్తుంది. ‘న్యామె తప్ప’ అని దాని మాటకు మాట అర్థం.

ఇక ఎనుగు ఇగ్బోల ప్రాంతం. అక్కడి హాజరు పట్టీలో చుక్వుఎమెకా, చుక్వుదీ, చినెదు, చిన్యేరె అని ‘చి’తో మొదలయ్యే పేర్లు వరుసగా వస్తాయి. చిన్యేరె అంటే ‘చి ఇచ్చింది’ అని, మన దేవదత్తుడి వంటి పేరే. రచయిత చినువా అచెబే పూర్తి పేరు చినువాలుమొగు, ‘చి నా పక్షాన పోరాడుగాక’ అని. ఇగ్బో దైవనామాలకు మూలమైన ఈ చి అన్నది ఆకాశంలోని దేవుడు కాదు. ప్రతి మనిషికీ విడివిడిగా ఉండే దైవాంశం, అతనితో పాటు పుట్టి అతని వంతును మోసుకుని తిరిగేది. చుక్వు అంటే ‘చి’, ‘ఉక్వు’ కలిసిన మాట, గొప్ప చి. అందరి చిలకూ పైనున్న చి అన్నమాట. మనకు నుదుటి రాత అనే మాట ఉంది కాబట్టి చిని అలా అనువదించాలని అనిపిస్తుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ ‘మనిషి సరేనంటే అతని చి కూడా సరేనంటుంది’ అని ఇగ్బో సామెత. మన నుదుటి రాత మనతో సంప్రదించదు.

చినెకె విషయంలో నాకు ఒక చిన్న పరాభవం జరిగింది. బడి పత్రికకు రాసిన వ్యాసంలో ‘చినెకె అంటే సృష్టించే దైవం’ అని రాశాను. ఇగ్బో భాష చెప్పే ఉపాధ్యాయుడు దానిని దిద్ది ఇస్తూ, ఎర్ర సిరాతో ఆ ఒక్క మాటను మూడు ముక్కలుగా విడగొట్టాడు: చి, న, ఎకె. ‘న’ అనే మాటను ఒక రకంగా తీసుకుంటే ‘సృష్టించే చి’ అవుతుంది, మరో రకంగా తీసుకుంటే ‘చియూ ఎకెయూ’ అవుతుంది. అంటే ఒకరు కాదు, ఇద్దరు. పాత ఇగ్బో ఆరాధనలో చి, ఎకె జంటగా వస్తాయి. జంటను ఒక్కటి చేసి క్రైస్తవ త్రిత్వంలోని తండ్రికి పేరుగా స్థిరపరచింది మిషనరీల అనువాదమని ఆయన వాదన. ఇప్పటి ఇగ్బో క్రైస్తవులు దీనికి ఒప్పుకోరు. మీ పట్టికలో చినెకె ఎదురుగా రెండు పాఠాలూ ఇవ్వడమే న్యాయం. చుక్వుకు కూడా ఇలాంటి చరిత్రే ఒకటి ఉంది. అరోచుక్వు అనే చోట ఇబిని ఉక్పాబి అనే దైవవాణి స్థలం ఉండేది. తగవులు తీర్చుకోవడానికి దూరప్రాంతాల నుంచి జనం అక్కడికి వెళ్లేవారు, తీర్పులో ఓడినవారిలో చాలామంది బానిసలుగా అమ్ముడుపోయేవారు. 1901-02లో బ్రిటిషు సైన్యం దండెత్తి దానిని ధ్వంసం చేసింది. చుక్వు అనే పేరు ఇగ్బో దేశమంతటా ఇంతగా వ్యాపించడానికి ఆ అరోచుక్వుకు చెందిన అరో వర్తకుల తిరుగుళ్లు కూడా ఒక కారణమని కొందరు చరిత్రకారులు అంటారు. నాకు అది నమ్మదగినదిగానే తోస్తుంది, ఎందుకంటే దేవుడి పేర్లు కూడా బాటల వెంటే నడుస్తాయి.

నైజీరియాలోనే ఉన్న యొరూబాల ఒలొరున్ సులువైనది. అది ఆకాశానికి, అంటే పరలోకానికి, యజమాని అని స్పష్టంగా విడదీయగల మాట. అక్కడి ముస్లింలూ క్రైస్తవులూ కూడా అదే మాట వాడతారు. ఒలొడుమారె మాత్రం అలా విడిపోదు. దాని మీద నాలుగైదు వివరణలు ఉన్నాయి, ఏ ఒక్కటీ అందరినీ ఒప్పించలేదు. 1962లో ఆ పేరే శీర్షికలో పెట్టి పుస్తకం రాసిన బొలాజి ఇదొవు కూడా పలు వివరణలను పరిశీలించవలసి వచ్చింది. మూడో గడిలో ‘వ్యుత్పత్తి వివాదాస్పదం’ అని రాయడానికి వెనుకాడకండి. యొరూబా బైబిలు పని నడిపించిన శామ్యూల్ అజాయి క్రౌథర్ స్వయంగా యొరూబా మనిషి, కాబట్టి దైవానికి తగిన మాట దొరికింది. ఎషు అనే దేవతను మాత్రం సైతాను స్థానంలో కూర్చోబెట్టారు. కూడలిలో నిలిచి, వార్తలు చేరవేసి, ఆకతాయి పనులు చేసే ఆ దేవతకు జరిగిన ఈ అన్యాయం గురించి యొరూబా పండితులు ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నారు.

దక్షిణాఫ్రికాలోని జులూల మాట ఉన్కులున్కులు. ‘కులు’ అంటే పెద్ద, పాత. దానిని రెట్టించారు. మనం ‘ముత్తాతల ముత్తాత’ అన్నట్టు ఉంటుంది. 1868-70 మధ్య హెన్రీ కాలవే అనే మిషనరీ జులూ వృద్ధులను అడిగి వారి మాటలను జులూలోనే రాసుకుని ప్రచురించాడు. ఆ వృద్ధులలో చాలామంది ఉన్కులున్కులు అంటే రెల్లు దుబ్బు నుంచి విడివడి వచ్చిన మొట్టమొదటి మనిషి అనే చెప్పారు. ఉరిమే, పిడుగు వేసే ‘పైనున్న ప్రభువు’ వేరని కొందరు అన్నారు. మనుషులు చావరనే కబురు ఊసరవెల్లికిచ్చి పంపిన ఉన్కులున్కులు, ఆ తరువాత చస్తారనే కబురుతో బల్లిని పంపాడనీ, ఊసరవెల్లి దారిలో పండ్లు తింటూ ఆలస్యం చేసిందనీ కథ. ఇప్పుడు ఆ మాటకు జులూలో దేవుడనే అర్థం. 1860 నుంచి నటాల్ చెరకు తోటలకు మద్రాసు రేవు నుంచి వెళ్లిన కూలీలలో తెలుగువారు కూడా ఉన్నారు. వారి వారసులు డర్బన్ చుట్టుపక్కల వినే అర్థం ఈ రెండోదే. కాబట్టి పేరుకు అర్థం రాసేటప్పుడు ఏ కాలపు అర్థమో కూడా రాయాలి.

తెలుగులోకి తెచ్చేవారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు లింగం. ట్వి, ఇగ్బో, యొరూబా, జులూ భాషల్లో ‘అతడు’, ‘ఆమె’ అనే భేదం లేదు. మన క్రియాపదం మాత్రం ‘సృష్టించాడు’ అనో ‘సృష్టించింది’ అనో చెప్పమని మన మెడ మీద కూర్చుంటుంది. కెన్యా, టాంజానియాలలోని మాసాయిల ఎన్కాయ్ విషయంలో భాషే దారి చూపుతుంది. ఆ మాట మొదట ఉన్న ‘ఎన్’ స్త్రీలింగ ప్రత్యయం. ఎన్కాయ్ అంటే ఆకాశమూ, వానా కూడా. కరుణించి వాన కురిపించేది నల్లని ఎన్కాయ్, ఎండగట్టి మాడ్చేది ఎర్రని ఎన్కాయ్. టాంజానియాలోని అగ్నిపర్వతం ఓల్ దొయిన్యో లెంగాయ్ పేరుకు ‘ఎన్కాయ్ కొండ’ అని అర్థం. మన ‘-ింది’ స్త్రీకీ, వానకీ, ఆకాశానికీ ఒకే తీరుగా సరిపోతుంది కాబట్టి, ‘ఎన్కాయ్ వాన కురిపించింది’ అని మీరు నిశ్చింతగా రాయవచ్చు. ఈ విషయంలో ఇంగ్లీషు కన్నా మన భాష మెరుగు. మాసాయిల నుంచే ఆ మాట న్గాయ్ అనే రూపంలో పొరుగున ఉన్న కికుయుల్లోకి వచ్చింది. అక్కడ ఆ దైవం నివాసం 5,199 మీటర్ల కెన్యా పర్వతం.

దక్షిణాఫ్రికా ప్రాంతపు సోతో, త్స్వానా భాషల దైవనామం మొదిమొ కూడా ఇలాంటిదే. ఆ భాషల్లో మనిషి ‘మొతొ’, మనుషులు ‘బతొ’. ఊరు ‘మొత్సె’, ఊళ్లు ‘మెత్సె’. మొదిమొ వ్యాకరణంలో మనుషుల జట్టులో కాదు, ఊరున్న జట్టులో చేరుతుంది. మనుషుల జట్టులో చేరేది ‘బదిమొ’, అంటే పితృదేవతలు. ‘మహాపురుషుడు’ వంటి అనువాదాలు అక్కడ ఎందుకు తప్పవుతాయో ఆ ఒక్క అక్షరమే చెబుతుంది. రువాండా వారి దైవం ఇమానా గురించి ఒక్క మాటే చెబుతాను. ‘ఇమానా పగలంతా ఎక్కడెక్కడో తిరిగి, రాత్రికి రువాండాకు వచ్చి పడుకుంటాడు’ అని వారి సామెత. ఆ ‘వచ్చి పడుకుంటాడు’ అనే మాటలోని చనువును ఏ విశేషణంతోనూ అనువదించలేం.

చివరగా మీ పట్టికలోని రుబాంగా. ఉగాండాలోని అచోలీల గురించి, ఆ జాతికే చెందిన కవి, పండితుడు ఒకోట్ ప’బిటెక్ రాసిన సంగతి ఇది. 1911లో ఇటలీ నుంచి వచ్చిన కతోలిక మిషనరీలు అచోలీ పెద్దలను ‘మిమ్మల్ని సృష్టించింది ఎవరు?’ అని అడిగారు. ‘సృష్టించడం’ అనే మాటకు ఆ భాషలో సరిసమానమైనది లేదు. అందుకని ప్రశ్న ‘మిమ్మల్ని మలిచింది ఎవరు?’ అని మారింది. మనుషులు తల్లుల కడుపున పుడతారు కదా, ఎవరో మలచడమేమిటి, మాకు తెలియదు అన్నారు పెద్దలు. మిషనరీలు వదలలేదు. చివరకు ఒక వృద్ధుడికి తట్టింది: మామూలుగా పుట్టిన మనిషికి వెన్నెముక క్షయ సోకితే వీపు వంగి గూని వస్తుంది, అంటే అతడిని మరో ఆకారంలోకి మలిచినట్టే. ఆ పని చేసేది రుబాంగా అనే దుష్టశక్తి. ‘మనుషులను మలిచేది రుబాంగా’ అన్నాడు. మిషనరీలు ఆ పేరునే దేవుడికి పెట్టుకున్నారు, అచోలీ క్రైస్తవుల ప్రార్థనల్లో ఇప్పటికీ అదే ఉంది.

1970లో కెన్యా పండితుడు జాన్ ఎంబీటి దాదాపు 300 జాతుల దైవభావనలను ఒక పుస్తకంలోకి చేర్చాడు. మీ పట్టిక వంటివాటికి దూరపు మూలం చాలావరకు ఆ పుస్తకమే. ప’బిటెక్ అభ్యంతరం ఇటువంటి సేకరణల మీదే: ఆఫ్రికా దైవాలకు ఆఫ్రికా పండితులే గ్రీకు, క్రైస్తవ వస్త్రాలు తొడుగుతున్నారని ఆయన నిలదీశాడు. నా వరకు ఎంబీటి సేకరణ లేకపోతే ఎన్నో పేర్లు నా వంటివారి కంట పడేవే కావు. అయినా రుబాంగా విషయంలో ప’బిటెక్ మాటకు నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి మీ పట్టికలో మార్చవలసినవి ఇవి. న్యామె ఎదురుగా ‘ఆకాశం, దైవం’ అని ఉంచి, మిగిలిన మూడు పేర్లనూ కింద చేర్చండి. చుక్వు ఎదురుగా ‘గొప్ప చి’ అని రాసి, చి అంటే ఏమిటో ఒక వాక్యంలో చెప్పండి. చినెకెకు రెండు పాఠాలూ ఇవ్వండి. ఉన్కులున్కులుకు ‘తొలి పూర్వీకుడు, ఇప్పుడు దేవుడు’ అని రాయండి. ‘పరమేశ్వరుడు’ అంటే మన పాఠకుడికి త్రిశూలం కనిపిస్తుంది, ‘పరమాత్మ’ అంటే జీవాత్మ గుర్తుకు వస్తుంది, కనుక ఆ రెండూ వద్దు. పైన, ఆకాశం అనే అర్థమున్న పేర్లకు, స్త్రీలింగమైన ఎన్కాయ్‌కు తప్ప, మన వాడుకలోని ‘పైవాడు’ చాలా దగ్గరగా వస్తుంది. దక్షిణ సూడాన్‌లోని డింకాల న్హియాలిక్ అనే మాటకైతే ‘పైన ఉన్నది’ అనే అసలు అర్థం. రుబాంగాను తీసివేయనక్కరలేదు గానీ, మూడో గడిలో ఒక్క మాట రాసి వదిలేయకండి. ఆ వృద్ధుడి జవాబును కథగా చెప్పడానికి పట్టిక కింద నాలుగు వాక్యాల చోటు కేటాయించండి.